నాలుగోసారి గెలిచిన డాక్టర్

సాల్వడార్ అలెండే పేరు చాలామందికి ఆయన చనిపోయిన తేదీ వల్లే తెలుసు. 1973 సెప్టెంబర్ 11, చిలీలో సైనిక తిరుగుబాటు. కానీ డబ్బు లెక్కలు చూసేవాళ్లకి ఆయన జీవితంలో అంతకన్నా ముఖ్యమైన తేదీ ఇంకోటి ఉంది. 1970 సెప్టెంబర్ 4. ఆ రోజు ఓట్లు వేసింది చిలీ వాళ్లు. టెన్షన్ పడింది న్యూయార్క్‌లో ఆఫీసులున్న కంపెనీలు.

అలెండే 1908లో బాగా ఉన్న కుటుంబంలోనే పుట్టాడు. తాత పేరున్న డాక్టర్, సెనేటర్ కూడా. మనవడు కూడా మెడిసిన్ చదివాడు. చదువైపోయాక వాల్పరైసోలో కొన్నాళ్లు శవపరీక్షలు చేసే ఉద్యోగం చేశాడు. పేదవాళ్లు ఏ రోగాలతో, ఏ వయసులో పోతున్నారో ఆ బల్ల మీదే చూశాడు. 1933లో సోషలిస్టు పార్టీ పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. 1939లో ఆరోగ్య మంత్రి అయ్యాడు, అదే ఏడాది దేశ ప్రజల ఆరోగ్యం మీద పుస్తకం రాశాడు. పసిపిల్లల చావులకి కారణం సూక్ష్మజీవులు మాత్రమే కాదు, ఇల్లు, తిండి, జీతం కూడా అన్నది అందులో ఆయన వాదన.

ఇక ఎలక్షన్లు. 1952లో ప్రెసిడెంట్ పదవికి మొదటిసారి నిలబడితే ఐదు శాతం పైచిలుకు ఓట్లు వచ్చాయి. నలుగురిలో నాలుగో స్థానం. 1958లో హోర్హె అలెస్సాండ్రి చేతిలో సుమారు 33 వేల ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఆ ఎన్నికలో ఒక మాజీ ఫాదర్ కూడా పోటీ చేసి 41 వేల ఓట్లు చీల్చుకున్నాడు. ఆయనే లేకపోతే కథ పన్నెండేళ్ల ముందే మొదలయ్యేదేమో! 1964లో ఎడ్వర్డో ఫ్రెయ్ చేతిలో మళ్లీ ఓటమి. ఫ్రెయ్ ప్రచారం ఖర్చులో సగానికి పైగా సీఐఏ పెట్టిందని తర్వాత అమెరికా సెనేట్ కమిటీయే బయటపెట్టింది. మూడుసార్లు ఓడాక, తన సమాధి మీద చిలీకి కాబోయే ప్రెసిడెంట్ అని రాస్తారేమోనని అలెండే తన మీద తనే జోక్ వేసుకునేవాడట.

ఈయన గెలుపోటముల మీద కంపెనీలకి అంత ఆసక్తి ఎందుకంటే, రాగి. చిలీ ఎగుమతుల ఆదాయంలో సుమారు మూడొంతులు రాగి నుంచే వచ్చేది. దాన్ని ఆ దేశంలో చిలీ జీతం అని పిలిచేవారు. ఆ జీతం తెచ్చే పెద్ద గనులు మాత్రం రెండు అమెరికన్ కంపెనీల చేతిలో పెరిగాయి. ఆకాశం కింద తెరిచిన పెద్ద గొయ్యిలాంటి చుకికమాటా అనకొండా కంపెనీది. భూమి లోపలి ఎల్ తెనియెంతే కెనెకాట్ కంపెనీది. టెలిఫోన్ కంపెనీలో 70 శాతం ఇంకో అమెరికన్ కంపెనీ ఐటీటీది. గెలిస్తే గనులు దేశానివి చేస్తానని అలెండే దాచకుండా చెప్పాడు.

1970లో ఆయనకి 36.6 శాతం వచ్చింది. రెండో స్థానంలో ఉన్న అలెస్సాండ్రి కంటే 39 వేల ఓట్లు ఎక్కువ, అంతే. సగం దాటలేదు కాబట్టి చిలీ రాజ్యాంగం ప్రకారం పార్లమెంటు ఎంచుకోవాలి. ఆ ఓటింగ్‌కి ఏడు వారాలు గడువుంది. ఆ ఏడు వారాల్లో ఒక్క చట్టం మారలేదు, ఒక్క గని చేతులు మారలేదు. అయినా జనం బ్యాంకుల ముందు డబ్బు తీసుకోడానికి క్యూ కట్టారు, శాంటియాగో మార్కెట్ కుప్పకూలింది. షేర్ ధర అంటే ఈరోజు విలువ కాదు కదా, రేపటి మీద అంచనా.

మనకీ ఇది కొత్తేం కాదు. 2024 జూన్ 4న మన లోక్‌సభ ఫలితాల రోజు సెన్సెక్స్ 4,000 పాయింట్లకు పైగా పడింది. మనకి అది మన ఎలక్షన్. లండన్‌లో కూర్చుని ఇండియా ఫండ్ కొన్నవాడికి అది పరాయి దేశం ఎలక్షన్. భయపడితే అమ్మేసి బయటికి పోవచ్చు. మూడు రోజుల్లో మార్కెట్ కోలుకుంది కూడా. కానీ గని ఉన్నవాడు ఏం చేస్తాడు? కొండని విప్పి, ప్యాక్ చేసి, ఓడ ఎక్కించలేడు.

అందుకే ఐటీటీ దొడ్డిదారి పట్టింది. ఎన్నికకి ముందు అలెస్సాండ్రి ప్రచారానికి సుమారు మూడున్నర లక్షల డాలర్లు చేరవేసింది. ఫలితం వచ్చాక, అలెండే పదవిలోకి రాకుండా ఆపితే పది లక్షల డాలర్లు ఇస్తామని సీఐఏ ముందు బేరం పెట్టింది. పార్లమెంటు ఓటింగ్‌కి రెండు రోజుల ముందు, రాజ్యాంగానికే కట్టుబడతానన్న సైన్యాధిపతి రెనె ష్నైడర్‌ని ఎత్తుకుపోబోయి కాల్చారు. ఆయన చనిపోయాడు. అయినా అక్టోబర్ 24న పార్లమెంటు 153 ఓట్లతో అలెండేనే ఎంచుకుంది.

నాకు బాగా ఆసక్తి అనిపించింది కెనెకాట్ తెలివి. 1964 నాటికే గాలి ఎటు వీస్తుందో వాళ్లకి అర్థమైంది. తమ గనిలో 51 శాతం వాళ్లే ముందుకొచ్చి చిలీ ప్రభుత్వానికి అమ్మారు. ఆ డబ్బుని గనికే అప్పుగా తిప్పి ఇచ్చి, అమెరికా ప్రభుత్వ ఇన్సూరెన్స్ చేయించారు. తర్వాత తవ్వబోయే రాగి మీద యూరప్, జపాన్ వాళ్ల డబ్బు తెచ్చారు. అంటే రేపు చిలీ ఆ గనిని ముట్టుకుంటే గొడవ ఒక్క కెనెకాట్‌తో కాదు, సగం ప్రపంచంతో. అనకొండా మాత్రం అంత జాగ్రత్త పడలేదు. దాని రాగిలో సగానికి పైగా చిలీ నుంచే వచ్చేది. ఎలక్షన్ ఒకటే, దెబ్బ మాత్రం రెండు కంపెనీలకీ ఒకేలా తగల్లేదు.

1971 జులై 11న గనుల జాతీయీకరణ పార్లమెంటులో ఏకగ్రీవంగా పాసైంది. అలెండే అంటే పడని పార్టీలు కూడా ఓటేశాయి. ఇది ఒక్క మనిషి మొండితనం కాదని దీన్ని బట్టే తెలుస్తుంది. గొడవంతా పరిహారం దగ్గర వచ్చింది. 1955 నుంచి ఏటా 12 శాతం దాటిన లాభాన్ని అదనపు లాభంగా లెక్కేశారు. మొత్తం 77 కోట్ల 40 లక్షల డాలర్లు తేలింది. ఆస్తుల విలువలోంచి దాన్ని తీసేస్తే రెండు కంపెనీలకీ సున్నా కంటే తక్కువ మిగిలింది. గనులు తీసుకోవడం చిలీ హక్కు అనే నేనంటాను. ఆట అయిపోయాక పదహారేళ్ల వెనక్కి రూల్ మార్చడం మాత్రం నాకు తప్పుగానే కనిపిస్తుంది. దాని ధర కంపెనీలు మాత్రమే కాదు, పాలడబ్బా కోసం క్యూలో నిలబడ్డ తల్లులు కూడా కట్టారు. అమెరికా అప్పులు ఎండిపోయాయి. 1972లో కెనెకాట్ పారిస్ కోర్టుకెళ్లి చిలీ రాగి అమ్మకం డబ్బుకి అడ్డం పడింది. లండన్‌లో రాగి ధర కూడా సరిగ్గా అప్పుడే పడిపోయింది.

అలాగని అంతా బయటివాళ్ల పనే అంటే అబద్ధం. పిల్లలందరికీ రోజుకి అర లీటరు పాలు, జీతాల పెంపు, మొదటి ఏడాది మంచి వృద్ధి, అన్నీ నిజమే. ఆ ఖర్చుకి నోట్లు అచ్చేయడం కూడా నిజమే. 1973 నాటికి ధరల పెరుగుదల ఏడాదికి 500 శాతం దాటింది. మన బ్రాంచ్ వాళ్ల కోసం ఒక మాట. దేశంలోని ప్రభుత్వ ఫ్యాక్టరీలన్నిటినీ టెలెక్స్ మెషిన్లతో ఒక కంప్యూటర్‌కి కలపాలని అలెండే ప్రభుత్వం సైబర్‌సిన్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. దాన్ని డిజైన్ చేసింది బ్రిటన్‌కి చెందిన స్టాఫర్డ్ బీర్. 1972 అక్టోబర్‌లో లారీల సమ్మె జరిగినప్పుడు సరుకు ఎక్కడుందో, ఏ రోడ్డు తెరిచుందో తెలుసుకోడానికి ఆ టెలెక్స్ నెట్‌వర్కే పనికొచ్చింది. ఇంటర్నెట్ లేని రోజుల్లో!

1973 సెప్టెంబర్ 11న విమానాలు అధ్యక్ష భవనం మీద బాంబులు వేశాయి. అలెండే లొంగిపోలేదు, లోపలే తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. 2011లో శవాన్ని తీసి పరీక్షించి ఆ సంగతి ఖాయం చేశారు.

కంపెనీలు కోరుకున్న రకం ప్రభుత్వమే వచ్చింది. పినోచెట్ సైనిక ప్రభుత్వం 1974లో అనకొండాకి సుమారు 25 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది, కెనెకాట్‌తోనూ రాజీపడింది. గనులు మాత్రం తిరిగి ఇవ్వలేదు. 1976లో వాటన్నిటినీ కలిపి కోడెల్కో అనే ప్రభుత్వ కంపెనీ పెట్టారు. దాని రాగి ఎగుమతుల్లో పది శాతం సైన్యానికే వెళ్లేలా చట్టం కూడా ఉండేది. అంత తియ్యటి ఆదాయాన్ని ఎవరు వదులుకుంటారు? అనకొండాని 1977లో ఒక చమురు కంపెనీ కొనేసింది.

పదిహేడేళ్లు అలెండే పేరులేని సమాధిలో ఉన్నాడు. ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక 1990లో శాంటియాగోలో అధికారిక అంత్యక్రియలు జరిపారు. వాళ్లు ఎంచుకున్న తేదీ సెప్టెంబర్ 4.