చారల చేప – వర్ణ రహస్యము

గంగానదీ ప్రాంతపు సెలయేళ్లలోను, వరిచేల కాలువలలోను నాలుగైదు సెంటీమీటర్లకు మించని చిన్న చేప యొకటి కలదు. తలనుండి తోకవరకు నీలిచారలు సాగియుండుటచే దానికి జీబ్రా చేప యని పేరు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టను గంగానది మత్స్యములను గూర్చిన తన గ్రంథమున దీనిని వర్ణించెను. గాజుతొట్టెల యలంకారమైన ఈ చేపకు జన్యుశాస్త్రమున ఉన్నతస్థానము కల్పించినవాడు జార్జి స్ట్రైసింగరు.

ఆయన 1927లో హంగరీ రాజధానియగు బుడాపెస్టు నగరమున యూదు కుటుంబమున జన్మించెను. పుట్టుకయే నేరముగా యూదులను వేటాడిన నాజీల భయమున ఆ కుటుంబము, ఆయన బాల్యముననే, న్యూయార్కునకు తరలిపోయెను. 1953లో ఇలినాయి విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, 1960లో ఒరెగాన్ విశ్వవిద్యాలయమున చేరెను. బాక్టీరియాను నాశనముచేయు వైరసులపై పరిశోధించి పేరు గడించినను ఆయనకు తృప్తి కలుగలేదు. వెన్నెముకగల ప్రాణి శరీరము జన్యువులచే ఎట్లు నిర్మితమగునో తెలిసికొనగోరెను. జీబ్రా చేప గ్రుడ్డు పారదర్శకము. పిండము రూపొందుట కంటికి కనబడును. ఆయన దానినే ఎన్నుకొనెను.

ఏండ్లతరబడి శ్రమించి 1981లో ఆయన తన ఫలితములను ప్రకటించెను. అతినీలలోహిత కిరణములతో మగచేప బీజములోని జన్యుపదార్థమును నశింపజేసి, ఆ బీజముతోనే గ్రుడ్లను మేల్కొలిపి, వేడిమిచేతనో ఒత్తిడిచేతనో తల్లి క్రోమోజోములను ఇనుమడింపజేసెను. పిల్లలలో తండ్రి పాలు లేదని నిరూపించుటెట్లు? చారలే సాక్ష్యము పలికెను. చారలు పాలిపోయి బంగారువన్నె దాల్చిన రకమొకటి ఆయనకడ నుండెను. తల్లిదండ్రు లిరువురినుండియు సంక్రమించిననే ఆ లక్షణము బయటపడును. బంగారువన్నె తల్లికి, నల్లచారల తండ్రికి కలుగు పిల్లలు నల్లచారలతో పుట్టవలెను. ఇవియో, బంగారువన్నెతోనే పుట్టెను.

1984లో, 56 ఏండ్ల వయస్సున, ఆయన మరణించెను. బంగారువన్నెకు కారణమైన జన్యువును 2005లో కీత్ ఛెంగు బృందము గుర్తించెను. అది చెడిన చేపలో నల్లరంగు రేణువులు తక్కువగను, చిన్నవిగను ఉండును. మానవునియందలి తత్సమాన జన్యువు సందేశమును ఆ చేపపిండములలో ప్రవేశపెట్టగా నల్లదనము తిరిగివచ్చెను. ఆ జన్యువులో ఒక్క అక్షరము మారియుండుట ఐరోపావాసుల తెల్లదనమునకు ముఖ్యకారణములలో నొకటియని తేలెను. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2013 నాటి పరిశోధన, ఆ మార్పు భారతీయులలోను కలదనియు, ఐరోపావాసులకును మనకును అది ఒకే మూలమునుండి సంక్రమించెననియు తెలిపెను.

పుట్టుకనుబట్టి మనుజులను వేరుపరచినవారి బారినుండి తప్పించుకొన్న బాలుడు పెరిగి పెద్దవాడై పోషించిన చేపయే, మేనిరంగు భేదము ఎంత స్వల్పమో లోకమునకు తెలియుటకు సాధనమయ్యెను.