బ్యాటరీ ఎప్పటికీ అయిపోదనుకున్న వోల్టా



ఈ నెల సైన్స్ పేజీలో ఒక పెద్దాయన జీవితం చెప్తాను. ఆయన పోయి దాదాపు రెండు వందల ఏళ్ళయింది. అయినా ఆయన పేరులోని మొదటి అక్షరం మీ ఇంట్లో ప్రతి ఛార్జర్ మీదా ఉంటుంది. దానికి ముందు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి.

పోయిన వేసవిలో నా ఫోన్ వెనక మూత ఒక పక్క పైకి లేచింది. రిపేర్ షాపులో చూపిస్తే బ్యాటరీ ఉబ్బిందన్నారు. రాత్రుళ్ళు ఎక్కడ పెట్టి ఛార్జ్ చేస్తారని అడిగారు. దిండు కింద అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఎందుకంటే పిల్లలకు సెల్స్, బ్యాటరీల పాఠం చెప్పేది నేనే. స్కూల్ తెరిచాక ఈ సంగతి క్లాసులో చెప్పాను. ఒక పాప లేచి, ఫోన్ వంద శాతం నిండాక కూడా వైరు అలాగే ఉంచితే ఆ వచ్చే కరెంటు ఎక్కడికి పోతుందని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. రేపు చెప్తానన్నాను. ఆ జవాబు వెతుక్కుంటూ మొదటి బ్యాటరీ దాకా వెళ్ళాను. అక్కడ కనిపించినవారే అలెస్సాండ్రో వోల్టా.

మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లవాడు

వోల్టా 1745 ఫిబ్రవరి 18న ఇటలీ ఉత్తర భాగంలో, సరస్సు ఒడ్డున ఉన్న కోమో అనే ఊళ్ళో పుట్టారు. పేరున్న కుటుంబమే గానీ డబ్బు అంతంత మాత్రం. నాలుగేళ్ళు వచ్చినా పిల్లవాడికి మాటలు రాలేదు. ఇంట్లోవాళ్ళు వీడికి బుద్ధి ఎదగదేమోనని దిగులు పడ్డారు. ఏడేళ్ళ వయసుకల్లా ఆ పిల్లవాడే తోటివాళ్ళను దాటిపోయాడు. మీ ఇంట్లో ఎవరికైనా మాటలు ఆలస్యమైతే డాక్టరుకు తప్పకుండా చూపించండి. పక్కింటి పిల్లలతో పోల్చి మాత్రం బాధపడకండి.

ఏడేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. చదువు చెప్పిన క్రైస్తవ గురువులు వోల్టాను తమలో చేర్చుకోవాలనుకున్నారు. ఇంటి పెద్దలు లాయర్ని చేయాలనుకున్నారు. ఆయన మనసు మాత్రం కరెంటు మీద ఉంది. ఇంకా ఇరవై దాటకముందే యూరప్‌లో ఈ విషయం మీద పేరున్న శాస్త్రవేత్తలకు ఉత్తరాలు రాసి తన ఆలోచనలు చెప్పేవారు. యూనివర్సిటీ మెట్లెక్కి చదవలేదు. తర్వాత యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు.

అప్పటికి కరెంటు అంటే రుద్దితే పుట్టేదే. గాజునో రెసిన్‌నో రుద్ది, వచ్చినదాన్ని లేడెన్ జార్ అనే సీసాలో నింపేవారు. ముట్టుకుంటే ఒక్క షాక్, అంతటితో సీసా ఖాళీ. మళ్ళీ రుద్దాలి, మళ్ళీ నింపాలి. ఛార్జింగ్ బాధ అప్పుడూ ఉండేదన్నమాట! 1775లో వోల్టా ఎలక్ట్రోఫోరస్ అనే పరికరాన్ని మెరుగుపరిచారు. ఒకసారి రుద్దితే చాలు, దాంతో ఎన్నోసార్లు ఛార్జ్ తీసుకోవచ్చు. ఆ మరుసటి ఏడాది ఒక సరస్సు ఒడ్డున బురదలోంచి లేచే బుడగలను పట్టి, అది మండే గ్యాస్ అని చూపించారు. దాన్నే ఇప్పుడు మనం మీథేన్ అంటాం. 1778లో పావియా యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా నియమించారు.

కప్ప కాలు తెచ్చిన తగువు

1791లో బొలోనా ఊరి డాక్టర్ లుయీజీ గాల్వాని ఒక వింత ప్రకటించారు. చనిపోయిన కప్ప కాలికి రెండు రకాల లోహాలు తగిలిస్తే అది ఎగిరిపడుతోంది. కరెంటు కప్ప శరీరంలోనే ఉందని ఆయన అన్నారు. వోల్టా మొదట సరేనన్నారు. తానే ఆ ప్రయోగం మళ్ళీ మళ్ళీ చేశాక అనుమానం వచ్చింది. కరెంటు కప్పది కాదు, రెండు వేరు వేరు లోహాలు కలవడం వల్ల పుడుతోందనుకున్నారు. తన నాలుక మీద ఒక పక్క తగరం రేకు, ఇంకో పక్క వెండి పెట్టుకుని రెంటినీ కలిపి చూశారు. నాలుక పుల్లగా అయింది. చిన్నప్పుడు టార్చి సెల్‌కు నాలుక తగిలించి చూసినవాళ్ళకు ఆ రుచి తెలుసు. పిల్లలకు మాత్రం నేర్పకండి!

ఇద్దరి మధ్య వాదం ఏళ్ళ తరబడి నడిచింది. కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయనన్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్న గాల్వాని 1798లో కన్నుమూశారు. మన గాల్వనైజ్డ్ రేకుల షెడ్లలో ఆయన పేరు మిగిలింది.

బిళ్ళల దొంతర

1799లో యుద్ధం వల్ల పావియా యూనివర్సిటీ మూతపడింది. వోల్టా సొంత ఊరిలో తన పని కొనసాగించారు. ఒక వెండి బిళ్ళ, దాని మీద ఒక జింక్ బిళ్ళ, దాని మీద ఉప్పునీళ్ళలో నానబెట్టిన అట్టముక్క. మళ్ళీ వెండి, జింక్, అట్ట. ఇడ్లీ ప్లేట్లలా ఇలా ఒకదాని మీద ఒకటి ముప్ఫై, నలభై జతలు పేర్చారు. పైనా కిందా తడి చేతులతో తాకితే షాక్ కొట్టింది. లేడెన్ జార్‌లా ఒక్కసారితో ఆగలేదు. తాకిన ప్రతిసారీ కొట్టింది. 1800 మార్చి 20న ఈ సంగతి లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరం రాశారు. ప్రపంచంలో మొదటి బ్యాటరీ అదే. కొన్ని వారాల్లోనే ఇంగ్లండ్‌లో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు దాంతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టారు. 1801లో పారిస్‌లో నెపోలియన్ ఎదుట వోల్టా ప్రయోగం చేసి చూపించారు. బంగారు పతకం ఇచ్చారు. తర్వాత కౌంట్ బిరుదు కూడా వచ్చింది.

అంత తెలివైన మనిషి ఒక్కచోట పొరబడ్డారు. రెండు లోహాలు తాకితే చాలు, కరెంటు దానంతటదే పుడుతూనే ఉంటుంది, దీన్ని ఎవరూ నింపక్కర్లేదు అని నమ్మారు. కళ్ళ ముందు జరుగుతున్నది వేరు. దొంతర బరువుకు కింది అట్టల్లో ఉప్పునీళ్ళు కారిపోయేవి. అట్టలు ఎండిపోయేవి. జింక్ బిళ్ళలు తినేసినట్టు అయ్యేవి. విప్పి, తోమి, మళ్ళీ తడిపి పేర్చాలి. ఆ జింక్ కరిగిపోవడమే కరెంటుకు కారణమని ఆయన ఒప్పుకోలేదు. 1819లో ఉద్యోగం మానేసి సొంత ఊరి దగ్గర ప్రశాంతంగా బతికారు. 1827 మార్చి 5న పోయారు. బ్యాటరీలో కరెంటు రసాయన మార్పు నుంచే వస్తుందని మైఖేల్ ఫారడే 1830లలో గట్టిగా నిరూపించారు. అది చూడటానికి వోల్టా లేరు. అయినా 1881లో ఆయన గౌరవార్థం కరెంటు ఒత్తిడి కొలతకు వోల్టు అని పేరు పెట్టారు.

ఆ పొరపాటే మనదీ

ఇది చదివాక నా తప్పు నాకు అర్థమైంది. నేనూ బ్యాటరీని నీళ్ళ ట్యాంకులా చూశాను. నింపడం, వాడటం అంతే అనుకున్నాను. బ్యాటరీ లోపల ప్రతి నిమిషం రసాయన మార్పు జరుగుతుంది. అది కొంచెం కొంచెంగా అరుగుతుంది, ముసలిదవుతుంది. 1859లో గాస్టన్ ప్లాంటే మళ్ళీ ఛార్జ్ చేయగల లెడ్ బ్యాటరీ చేశారు. మన ఇన్వర్టర్ కింద ఉండేది దాని మనవడే. ఫోన్లలోని లిథియం అయాన్ బ్యాటరీ 1991లో మార్కెట్‌కు వచ్చింది. ఛార్జింగ్ అంటే ఆ రసాయన మార్పును వెనక్కి తిప్పడం. ఎంత తిప్పినా పూర్తిగా మొదటికి రాదు.

ఆ పాపకు మర్నాడు చెప్పిన జవాబు ఇది. వంద శాతం నిండగానే ఫోన్‌లోని సర్క్యూట్ కరెంటు తీసుకోవడం ఆపేస్తుంది. కొంచెం తగ్గితే మళ్ళీ నింపుతుంది. కాబట్టి కరెంటు పొంగిపోయి బయటికి పోదు. కానీ గంటల తరబడి నిండుగా ఉండటం, పైగా వేడెక్కడం, ఈ రెండూ కలిస్తే బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది. దిండు కింద నా ఫోన్‌కు జరిగింది అదే.

ఇంట్లో ఇవి పాటిద్దాం:

1. ఛార్జింగ్ పెట్టిన ఫోన్ దిండు, దుప్పటి, పరుపు మీద వద్దు. గట్టి బల్ల మీద, గాలి తగిలేచోట పెట్టండి. మంచం దగ్గర అసలు వద్దు.

2. రోజువారీ వాడకంలో 20కి, 80కి మధ్య ఉంచితే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. మధ్యమధ్యలో కాసేపు పెట్టి తీసినా నష్టం లేదు. పూర్తిగా సున్నాకు దించి పెట్టాలన్నది పాత రకం బ్యాటరీల మాట.

3. చాలా ఫోన్ల సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంది. ఆన్ చేయండి.

4. ఛార్జింగ్‌లో ఉండగా పిల్లలకు గేమ్ ఆడటానికి ఇవ్వకండి. రెండు వేడులూ కలుస్తాయి. మన ఎండాకాలంలో కారు డ్యాష్‌బోర్డ్ మీద, బండి డిక్కీలో ఫోన్ వదలకండి. వేడెక్కిందని ఫ్రిజ్‌లో పెట్టకండి, నీడలో ఉంచితే చాలు.

5. చిరిగిన వైరు, పేరూ ఊరూ లేని చవక ఛార్జర్ వాడకండి.

6. పాత ఫోన్ దాచిపెట్టాలంటే సగం ఛార్జ్‌తో ఆఫ్ చేసి పెట్టండి.

7. మూత లేచినా, స్క్రీన్ ఉబ్బినా ఛార్జింగ్ వెంటనే ఆపండి. నొక్కకండి, గుచ్చకండి. సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. చెత్తబుట్టలో వేస్తే తీసుకెళ్ళే మనిషికి ప్రమాదం.

ఈ ఆదివారం పిల్లలతో కలిసి ఒక పని చేయండి. నాలుగైదు నిమ్మకాయలు, అన్ని గాల్వనైజ్డ్ మేకులు, అన్ని రాగి తీగ ముక్కలు తీసుకోండి. ప్రతి కాయలో ఒక మేకు, ఒక తీగ ఒకదానికొకటి తగలకుండా గుచ్చి, ఒక కాయ మేకును పక్క కాయ రాగికి వైరుతో కలుపుతూ వెళ్ళండి. చివరి రెండు కొసలకు చిన్న ఎర్ర ఎల్‌ఈడీ బల్బు తగిలించండి. వెలగకపోతే బల్బు కాళ్ళు తిప్పి పెట్టండి. మసకగా వెలుగుతుంది. చీకటి గదిలో చూడండి. తర్వాత మేకు తీసి దాని రంగు మారిందేమో పిల్లలనే చూడమనండి. ఆ కాయలు పులిహోరకు వాడకండి, పారేయండి.

బల్బు ఎందుకు వెలిగిందో మీ పిల్లలు అడిగితే, జవాబు తెలియకపోతే, రేపు చెప్తానని చెప్పండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. రేపు మాత్రం తప్పకుండా చెప్పండి.

మీ పిల్లల సైన్స్ టీచర్