ఫ్రాంకీ లైమన్

ఫ్రాంకీ లైమన్ (సెప్టెంబరు 30, 1942 - ఫిబ్రవరి 27, 1968) అమెరికాకు చెందిన ప్రసిద్ధ గాయకుడు. ది టీనేజర్స్ అనే గాత్ర బృందములో ప్రధాన గాయకునిగా 13వ ఏట ప్రపంచ ఖ్యాతి పొంది, 25వ ఏట దాదాపు విస్మృతుడై మరణించాడు. ఇతనికి పేరు తెచ్చిన పాట "వై డూ ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్". ఇతని మరణానంతరము, చట్టరీత్యా ఇతని భార్య ఎవరు, ఆ పాటకు కర్తలెవరు అనే రెండు ప్రశ్నలు న్యాయస్థానములకెక్కాయి. ఇతని వ్యక్తిగత జీవితములోని అనేక విషయములు ఆ వ్యాజ్యములలో దాఖలైన వివాహ పత్రముల వల్ల, సాక్ష్యముల వల్ల వెలుగులోకి వచ్చాయి.

బాల్యము, టీనేజర్స్ బృందము

లైమన్ న్యూయార్క్ నగరములోని హార్లెమ్‌లో ఒక పేద నల్లజాతి కుటుంబములో జన్మించాడు. తండ్రి లారీ డ్రైవరు, తల్లి ఇళ్ళలో పనిచేసేది. తల్లిదండ్రులిద్దరూ హార్లెమేర్స్ అనే భక్తిగీతాల బృందములో పాడేవారు. పదేళ్ళ వయసులోనే లైమన్ కిరాణా దుకాణములో పనికి కుదిరాడు.

ఆ కాలమున నల్లజాతి, ప్యూర్టోరికన్ యువకులు వీధి మలుపులలోను, మెట్ల దారులలోను గుమిగూడి వాద్యములు లేకుండా పాడేవారు. ఒకరు ముఖ్య చరణము అందుకుంటే మిగిలినవారు అర్థము లేని అక్షరములతో వంత పాడే ఈ పద్ధతికి తరువాత డూ-వాప్ అని పేరు వచ్చింది. స్టిట్ జూనియర్ హైస్కూలు విద్యార్థులైన హెర్మన్ శాంటియాగో, జిమ్మీ మర్చంట్, జో నెగ్రోని, షెర్మన్ గార్న్స్ అలాంటి ఒక బృందము నడిపేవారు. చివరగా వారితో చేరిన లైమన్ అందరికంటె చిన్నవాడు. ఇంకా మారని అతని పిల్లవాని గొంతు విని నిర్మాత జార్జ్ గోల్డ్‌నర్ అతనినే ముందు నిలబెట్టాడు.

1956 జనవరిలో గీ రికార్డ్స్ విడుదల చేసిన ఈ పాట అమెరికా పాప్ పట్టికలో 6వ స్థానమునకు, బ్రిటన్‌లో మొదటి స్థానమునకు చేరింది. రికార్డుపై రచయితలుగా లైమన్, శాంటియాగో, గోల్డ్‌నర్‌ల పేర్లు ఉండేవి. అనంతరము శాంటియాగో పేరు పోయింది, గోల్డ్‌నర్ స్థానములోకి రౌలెట్ రికార్డ్స్ యజమాని మోరిస్ లెవీ పేరు వచ్చింది. పాట రాయని నిర్మాతలు తమ పేర్లు చేర్చుకొనడము ఆనాటి సంగీత వ్యాపారములో మామూలే.

పతనము

1957లో లైమన్‌ను బృందము నుండి విడదీసి ఒంటరి గాయకుని చేశారు. అదే సంవత్సరము జూలైలో ఏబీసీ టెలివిజన్‌లో అలాన్ ఫ్రీడ్ నిర్వహించే కార్యక్రమములో లైమన్ ఒక తెల్లజాతి బాలికతో నృత్యము చేశాడు. దక్షిణాది రాష్ట్రముల స్టేషన్లు మండిపడగా, కొద్దికాలములోనే ఆ కార్యక్రమము రద్దయింది. అంతలో లైమన్ గొంతు మారింది. జనము కోరిన ఆ పిల్లవాని స్వరము ఇక లేదు. లైమన్ లేని బృందమూ నిలువలేదు. అప్పటికే హెరాయిన్‌కు అలవాటు పడిన లైమన్ 1961లో చికిత్స పొందాడు గాని, వ్యసనము వదలలేదు.

మాదకద్రవ్యాల కేసు అనంతరము 1966లో సైన్యములో చేరి, జార్జియాలోని ఫోర్ట్ గోర్డన్‌కు వెళ్ళాడు. సమీపములోని అగస్టా పట్టణములో పాఠశాల ఉపాధ్యాయిని ఎమీరా ఈగిల్‌ను 1967 జూన్‌లో చర్చిలో వివాహమాడాడు. అనుమతి లేకుండా కచేరీలకు వెళ్ళినందున సైన్యము అతనిని తొలగించింది. 1968 ఫిబ్రవరిలో, తిరిగి పాడే అవకాశము రావడముతో న్యూయార్క్ వచ్చి హార్లెమ్‌లోని అమ్మమ్మ ఇంట దిగాడు. రికార్డింగుకు ముందురోజు స్నానాల గదిలో హెరాయిన్ మోతాదు మించి మరణించి కనిపించాడు. బ్రాంక్స్‌లోని సెయింట్ రేమండ్స్ శ్మశానములో ఖననము చేశారు. సమాధిపై చాలా సంవత్సరములు పేరు కూడా లేదు.

ముగ్గురు భార్యలు

1981లో డయానా రాస్ ఈ పాటను మళ్ళీ పాడగా అది అమెరికాలో 7వ స్థానమునకు చేరింది, రాయల్టీలు పెరిగాయి. భారతదేశములో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళ వరకు హక్కు వారసులకు దానంతట అదే ఉంటుంది. అమెరికాలో 1956 నాటి పాటలకు మాత్రము మొదటి గడువు 28 ఏళ్ళు; ఆ తరువాత హక్కును పునరుద్ధరించుకోవాలి. అప్పటికి రచయిత జీవించి లేకపోతే పునరుద్ధరణ హక్కు అతని భార్యాపిల్లలది. కావున 1984 నాటికి లైమన్ భార్య ఎవరన్నది పెద్ద ప్రశ్న అయింది.

ముగ్గురు ముందుకు వచ్చారు. ఎలిజబెత్ వాటర్స్ వద్ద 1964 నాటి వివాహ పత్రము ఉన్నది. అయితే ఆనాటికి ఆమెకు మొదటి భర్తతో విడాకులు కాలేదు. అవి 1965లో వచ్చాయి. ఆ తరువాత కూడా ఫిలడెల్ఫియాలో తాము భార్యాభర్తలుగానే జీవించామని ఆమె వాదించింది. ది ప్లాటర్స్ బృంద గాయని జోలా టేలర్ 1965లో మెక్సికోలో పెళ్ళి జరిగినదని చెప్పింది గాని పత్రము చూపలేకపోయింది. ఎమీరా ఈగిల్ వివాహమునకు అగస్టాలో పత్రము ఉన్నది. లైమన్‌తో ఆమె కాపురము మాత్రము ఏడాది కూడా సాగలేదు. మొదటి న్యాయస్థానము వాటర్స్ పక్షమున తీర్పు ఇవ్వగా, 1990లో పైకోర్టు దానిని కొట్టివేసి ఈగిల్‌నే చట్టబద్ధమైన భార్యగా నిర్ణయించింది.

కర్తృత్వ వివాదము

పాట తామే కూర్చామంటూ శాంటియాగో, మర్చంట్‌లు కూడా కోర్టుకు వెళ్ళారు. 1992లో జ్యూరీ వారిని లైమన్‌తో పాటు సహరచయితలుగా అంగీకరించింది. కాని 1996లో అప్పీలు కోర్టు, మూడేళ్ళ కాలపరిమితి ఎప్పుడో దాటిపోయినదని ఆ తీర్పును రద్దు చేసింది. ఆ విధముగా పాట రాసినదెవరో జ్యూరీ తేల్చినప్పటికీ, హక్కు లైమన్, లెవీల పేరనే మిగిలింది. లెవీ 1990లోనే మరణించాడు. గార్న్స్ 1977లో, నెగ్రోని 1978లో కన్నుమూశారు గనుక ఈ వ్యాజ్యమును చూడలేదు.

గుర్తింపు

బృందమునకు 1993లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ముగ్గురు భార్యల కథతో 1998లో ఈ పాట పేరునే ఒక చలనచిత్రము వచ్చింది. లారెంజ్ టేట్ లైమన్ పాత్ర ధరించాడు. అభిమానులు చందాలతో చేయించిన సమాధి ఫలకము శ్మశానమునకు చేరక న్యూజెర్సీలోని ఒక రికార్డుల దుకాణములో చాలాకాలము ఉండిపోయింది. తరువాత ఎమీరా ఈగిల్ వేరొక ఫలకము చేయించి సమాధిపై నిలిపింది.