ధర్మవరం రామకృష్ణమాచార్యులు

ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853 - 1912) సుప్రసిద్ధ నాటకకర్త, నటుడు, న్యాయవాది. ఆంధ్ర నాటక పితామహుడుగా ప్రసిద్ధి చెందాడు. తెలుగులో తొలి విషాదాంత నాటకం ఈయన రచించిన విషాద సారంగధర.

జీవితం

రామకృష్ణమాచార్యులు అనంతపురం జిల్లా ధర్మవరంలో జన్మించాడు. బళ్ళారిలో న్యాయవాదిగా స్థిరపడ్డాడు. చిప్పగిరి, ఆలూరు, ఆదోని ప్రాంతాలు 1953 వరకు బళ్ళారి జిల్లాలోనివే కనుక ఆ పట్టణపు నాటక వైభవంలో వాటికీ వాటా ఉన్నది. కన్నడ నాటక సమాజాల ప్రదర్శనలు చూసి, తెలుగులోనూ అటువంటివి ఉండాలని సంకల్పించి 1886లో సరస వినోదిని సభను స్థాపించాడు. చిత్రనళీయం మొదలుకొని సుమారు 30 నాటకాలు రచించి, పాత్రల చేత పద్యాలను రాగయుక్తంగా పాడించాడు. 1891లో ఈ సభ మద్రాసులో ఇచ్చిన ప్రదర్శనలు చూసిన ప్రేరణతోనే పమ్మల్ సంబంధ మొదలియార్ అక్కడ సుగుణ విలాస సభను నెలకొల్పాడు.

విషాద సారంగధర

సవతి తల్లి చిత్రాంగి మోపిన నిందను నమ్మి, రాజరాజనరేంద్రుడు కుమారుని కాలుసేతులు నరికించడం ఇందలి కథ. (రాజరాజనరేంద్రునికి సారంగధరుడనే కుమారుడున్నట్లు చరిత్రలో ఆధారం లేదు.) గౌరన నవనాథ చరిత్రలోను, చేమకూర వేంకటకవి సారంగధర చరిత్రలోను ఒక సిద్ధుని మహిమ వలన సారంగధరునికి అవయవాలు తిరిగి వస్తాయి, కథ సుఖాంతమవుతుంది. ఆచార్యులు ఆ సుఖాంతాన్ని తొలగించి కథను దుఃఖంతోనే ముగించాడు. నాటకం మంగళాంతంగా ఉండాలన్న సంస్కృత సంప్రదాయం బలంగా ఉన్న రోజులలో ఇది సాహసమే.

దీనికి ఆదర్శం షేక్స్పియర్ విషాదాంత నాటకాలు. అయితే ఒక భేదాన్ని గమనించాలి. మాక్బెత్‌లో మంత్రగత్తెల జోస్యం వీరుని మనసులోని దురాశను రేపుతుంది. హామ్లెట్‌లో తండ్రి ప్రేతం కొడుకుపై పగతీర్చుకునే భారం మోపుతుంది. అక్కడ అతిమానుష శక్తులు మనిషిని పతనం వైపు నడిపిస్తాయి. మన సారంగధర కథలో మహిమ ఉన్నది మనిషిని కాపాడటానికి. అందుచేత ఆచార్యులకు మంత్రగత్తెలను తెచ్చి పెట్టుకోవలసిన పని లేకపోయింది. సిద్ధుని ఉపకారం లేకపోతే చాలు, విచారణ లేకుండా శిక్ష విధించిన తండ్రి తప్పు దిద్దుకోరానిదై మిగులుతుంది. ఆయన వృత్తిరీత్యా వకీలు అన్న సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు.

ఆయన సమకాలికుడు, బళ్ళారి వకీలే అయిన కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ పేరిట మరొక సమాజాన్ని నడిపాడు. విజయనగర పతనాన్ని విషాదాంత నాటకంగా రచించాడు. ఆచార్యుల మేనల్లుడు బళ్ళారి రాఘవ ఆ నాటకంలో పఠాన్ రుస్తుం పాత్ర ధరించి పేరు పొందాడు.