హకీమ్ ఇబ్న్ అల్ నఫీస్

రక్తప్రసరణ కనుగొన్నదెవరని అడిగితే మన పిల్లలు 1628 నాటి హార్వే పేరు చెబుతారు, మంచిదే. కాని గుండె నుండి ఊపిరితిత్తులకు రక్తం సాగే దారిని 1242 నాటికే రాసిపెట్టిన హకీమ్ సాహెబును కూడా తలచుకోవాలని మా మనవి.

ఆయన డమాస్కస్‌లో వైద్యం నేర్చి కైరోలో స్థిరపడ్డారు. గుండె నడిమి గోడలో రంధ్రాలున్నాయనీ, వాటిగుండానే రక్తం కుడి నుండి ఎడమకు పోతుందనీ గాలెన్ చెప్పాడు. వెయ్యేళ్లకు పైగా అందరూ అదే నమ్మారు. ఈయన ఇబ్న్ సీనా గ్రంథానికి వ్యాఖ్యానం రాస్తూ, పెద్దలను గౌరవిస్తూనే ఆ మాట కాదన్నారు. గోడ గట్టిది, రంధ్రాల్లేవు. రక్తం ఊపిరితిత్తుల్లో గాలితో కలిసి ఎడమ వైపుకు చేరుతుందని తేల్చారు.

1924లో బెర్లిన్‌లో ఆ రాతప్రతి దొరికాకనే ఆయన ఘనత లోకానికి మళ్లీ తెలిసింది. 1288లో కన్నుమూసే ముందు ఇల్లూ, పుస్తకాలూ కైరోలోని మన్సూరీ ఆసుపత్రికే ఇచ్చేశారు. చదివినదాన్ని పరీక్షించడం, ఉన్నది పదిమందికీ పెట్టడం మన పిల్లలకు నేర్పుదాం.