ట్యాప్ పట్టే ముందు.. మాడ్స్‌లే గురించి!

పటాన్‌చెరులోనో, పాశమైలారంలోనో మెషిన్ షాపులో అప్రెంటిస్‌గా చేరారా? స్టెయిన్‌లెస్ స్టీల్‌లో థ్రెడ్ కొడుతుంటే ట్యాప్ టక్కున విరిగే చప్పుడు మీరూ వినే ఉంటారు. ట్యాప్ పోతే ఇంకోటి కొనొచ్చు. పూర్తి కావచ్చిన జాబ్‌లో దాని ముక్క ఇరుక్కుపోతేనే అసలు నష్టం. ఈ పనిని ఒక లెక్కలోకి తెచ్చిన మనిషి హెన్రీ మాడ్స్‌లే.

1771లో లండన్ దగ్గరి వూలిచ్‌లో పుట్టాడు. మన ఎద్దుమైలారంలో లాగే అక్కడా ఆయుధాల ఫ్యాక్టరీ ఉండేది. 12 ఏళ్లకే అందులో తూటాలకు మందు నింపే పనిలో చేరాడు. తర్వాత వడ్రంగం, ఆపైన కమ్మరం. చేతిపనిలో పేరు రావడంతో 18 ఏళ్లకు తాళాల తయారీదారు జోసెఫ్ బ్రామా పిలిచి పనిచ్చాడు. షాపు బాధ్యతలు చూసేంతగా ఎదిగినా జీతం వారానికి 30 షిల్లింగులే. పెంచమంటే బ్రామా కుదరదన్నాడు. 1797లో బయటికొచ్చి సొంత షాపు పెట్టుకున్నాడు. బ్రామాకు అంతకంటే ఖరీదైన పొదుపు ఇంకోటి ఉండదేమో!

అప్పట్లో ఒక బోల్టు నట్టు ఇంకో బోల్టుకు పట్టేది కాదు. విప్పితే జతలకు గుర్తులు పెట్టుకోవాల్సిందే. లేత్‌ను మాడ్స్‌లే కనిపెట్టలేదు గానీ, 1800 ప్రాంతంలో ఆయన చేసిన స్క్రూ కటింగ్ లేత్‌లో టూలును పట్టుకునేది మనిషి చెయ్యి కాదు, స్లైడ్ రెస్ట్. నడిపేది లీడ్ స్క్రూ. తన షాపులో ట్యాప్‌లు, డైలను సైజులవారీగా ఒక పద్ధతిలో పెట్టాడు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల ప్రామాణిక థ్రెడ్‌ను ప్రతిపాదించాడు. ఇవాళ మీ షాపు గోడమీద డ్రిల్ సైజుల చార్ట్ ఉందంటే ఇలాంటి ప్రమాణాల పుణ్యమే.

దాన్ని చూడకుండా బలం పెడితేనే ట్యాప్ విరుగుతుంది. ఎం10, 1.5 పిచ్ థ్రెడ్‌కు 8.5 మి.మీ. డ్రిల్. స్టెయిన్‌లెస్ అయితే 8.6 వేసినా ఫర్వాలేదు, ట్యాప్ మీద భారం తగ్గుతుంది. చేత్తో కొట్టేటప్పుడు మొదట టేపర్ ట్యాప్, తర్వాతే మిగతా రెండూ. ట్యాప్ నిటారుగా దిగుతోందో లేదో మట్టంతో చూసుకోండి. కటింగ్ ఆయిల్ దండిగా పోయండి. కాస్త తిప్పగానే వెనక్కి తిప్పి చిప్‌ను తెంచండి. మొండి ట్యాప్ వాడొద్దు. కోయకుండా రుద్దితే స్టెయిన్‌లెస్ అక్కడికక్కడే గట్టిపడిపోతుంది.

కొలతల్లో తేడా వస్తే మాడ్స్‌లే షాపులో తుది తీర్పు ఆయన చేసిన బెంచ్ మైక్రోమీటర్‌దే. అందుకే దానికి లార్డ్ ఛాన్సలర్ అని పేరుపెట్టారు. 1831లో చనిపోయాడు. వూలిచ్‌లో ఆయనకు కట్టిన సమాధి కూడా పోత ఇనుముతో చేసిందే. దాని నమూనా బతికుండగా ఆయనే గీసుకున్నాడు.