గిజిగాని గూళ్ళ చెంత సలీం అలీ

పక్షులను పరిశీలించాలంటే అడవుల వెంట తిరగవలెనని మనలో చాలామంది భావిస్తాము. మన దేశంలో ఆ శాస్త్రానికి పెద్దదిక్కైన డాక్టర్ సలీం అలీకి విద్వాంసులలో పేరు తెచ్చినవి మాత్రం ఇంటి చేరువ చెట్టుకు వ్రేలాడిన గిజిగాని గూళ్ళు.

1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించిన ఆయన పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. బాల్యంలో తాను కొట్టిన పిచ్చుక కంఠాన పసుపు మచ్చ చూచి, అదేమి పిట్టయో అడుగుటకు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్ళారు. కార్యదర్శి మిల్లార్డు దొర ఆ బాలుని కసరక, అచ్చట భద్రపరచిన పక్షులను ఓపికగా చూపించారు.

తరువాతి జీవితం సుఖంగా సాగలేదు. బర్మాలో వ్యాపారం కలిసిరాలేదు. విశ్వవిద్యాలయ పట్టా లేనందున ప్రభుత్వోద్యోగం దక్కలేదు. బెర్లినులో ప్రొఫెసర్ స్ట్రెసెమాన్ వద్ద శిక్షణ పొంది 1930లో తిరిగివచ్చేసరికి మ్యూజియంలోని చిన్న కొలువు కూడా రద్దయింది. భార్య తెహ్మినాతో కలిసి, బొంబాయికి ఎదుట సముద్రతీరాన గల కిహీం గ్రామం చేరారు. వయస్సు 33, జీతము లేదు. మనమైతే ఆ రోజులను దరఖాస్తులు వ్రాయుటలో గడుపుదుమేమో! ఆయన ఆ వర్షాకాలమంతా గిజిగాళ్ళను చూచుచు కూర్చున్నారు.

ఈ పిట్ట మనకు కొత్తది కాదు. బావిపైకి వంగిన ఈతచెట్టున దాని గూళ్ళు చూడని పల్లెవాసి ఉండడు. మిణుగురును మట్టిలో గుచ్చి గూటిలో దీపం పెట్టునని కథ కూడా చెప్పుకుంటాము. సలీం అలీ కథలను నమ్మలేదు, చూచినది వ్రాసుకున్నారు. మగపిట్ట గడ్డిపోచలతో గూడు సగమల్లి ఆగుతుంది. ఆడపిట్టలు వచ్చి లోపల పరీక్షిస్తాయి, నచ్చకున్న వెడలిపోతాయి. ఒకటి అంగీకరించిన పిదపనే మగది గూడు ముగిస్తుంది. ఆమె గుడ్లు పెట్టగానే మరొక గూటికి పునాది వేసి, మరొక తోడును వెదకుతుంది! చెట్టున సగం గూళ్ళు వ్రేలాడుటకు కారణం ఇదే. ఈ పరిశీలన 1931లో ప్రచురితమై ఆయనకు కీర్తి తెచ్చింది.

ఆ ఏడే హైదరాబాదు సంస్థానపు పక్షుల సర్వేకు పూనుకున్నారు. ఖర్చులు భరించిన చాలును, జీతమక్కరలేదన్నది ఆయన షరతు. తెహ్మినా కూడా గుడారాలలో ఆయన వెంట ఉన్నారు. 1939లో ఆమె మరణం ఆయనను క్రుంగదీసింది.

రెండేళ్ళకు, 1941లో, భారతీయ పక్షుల గురించిన ఆయన గ్రంథం వెలువడింది. రంగుల బొమ్మలతో కూడిన ఆ పుస్తకం పండితులకన్న గృహస్థులకే ఎక్కువ ఉపకరించినదని మా అభిప్రాయం. చూరుకు వరికంకుల కుచ్చు కట్టి, పెరటిలో మూకుడు నిండా నీరుంచే అలవాటు మన ఇండ్లలో ఏనాటిదో. వచ్చి వ్రాలిన పిట్ట ఏదో పోల్చుకొను మార్గం మాత్రం ఆ పుస్తకమే సామాన్యునికి చూపింది. 1976లో పద్మవిభూషణులైన ఆ మహనీయుడు 1987 జూన్ 20న బొంబాయిలో కన్నుమూశారు.